నోట్లో పైపు వేసే టెస్టు: ఎండోస్కోపీ చరిత్ర

మన సిరిగేరిలో ఎండోస్కోపీ అంటే ఎక్కువమందికి తెలియదు. ‘నోట్లో పైపు వేసే టెస్టు’ అంటే మాత్రం అందరికీ తెలుసు. ఆ మాట వినగానే “అమ్మో, అదొక్కటీ వద్దు” అంటారు. ఏళ్ళ తరబడి కడుపులో మంట ఓర్చుకుంటారు, మందుల అంగడిలో మాత్రలు కొని మింగుతారు, ఆ పైపు దగ్గరికి మాత్రం పోరు. ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని నేను చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ ఒక సంగతి అర్థమైంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. నూట యాభై ఏళ్ళ కిందట ఆ పైపు నిజంగానే భయపడవలసిన వస్తువు. పైపు మారిపోయింది, భయం మాత్రం పాతదే మిగిలింది.

చరిత్ర వ్యాసం అంటే మనం రాజుల గురించో, హంపి గురించో, బళ్ళారి కోట గురించో రాస్తాం. నేను ఈసారి ఒక గొట్టం చరిత్ర రాస్తున్నాను. ఎండోస్కోపీ అనేది గ్రీకు మాటల నుంచి వచ్చింది. ‘ఎండో’ అంటే లోపల, ‘స్కోపీ’ అంటే చూడడం.

మనిషి బతికుండగానే కడుపు లోపల ఏం జరుగుతుందో డాక్టర్లు తీరిగ్గా చూసింది గొట్టంతో కాదు, తుపాకి దెబ్బతో. 1822 జూన్ నెలలో అమెరికాలోని మాకినాక్ అనే దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి ప్రమాదవశాత్తూ తుపాకి పేలి పక్కటెముకల కింద తగిలింది. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు అతన్ని బతికించాడు. కానీ కడుపుకు పడిన రంధ్రం పూర్తిగా మూసుకోలేదు. బోమాంట్ ఆ రంధ్రంలోకి మాంసం ముక్కలు, రొట్టె ముక్కలు దారానికి కట్టి దించేవాడు, గంటకో రెండు గంటలకో బయటికి లాగి ఎంత జీర్ణమైందో చూసేవాడు. 1833లో ఆ ప్రయోగాలన్నీ పుస్తకంగా అచ్చువేశాడు. అన్నం అరగడం గురించి మన సైన్సు పుస్తకంలో ఉన్నదానికి అది పెద్ద పునాది. అయితే సెయింట్ మార్టిన్‌కు చదువు రాదు. ప్రయోగాల కోసం ఇద్దరి మధ్య రాసుకున్న ఒప్పందం మీద అతను గుర్తు మాత్రమే పెట్టాడు. ఆ కాగితంలో ఏముందో అతనికి ఎంత అర్థమైందో ఏమో! ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

అందరి కడుపుకూ రంధ్రం ఉండదు కదా. ఉన్న దారుల్లోంచే లోపలికి చూడాలి. అందుకు రెండు అడ్డంకులు. ఒకటి, లోపల చీకటి. రెండు, దారి వంకరగా ఉంటుంది. ఈ రెండింటినీ దాటడానికి 150 ఏళ్ళు పట్టింది.

మొదట చీకటి సంగతి చూసినవాడు ఫిలిప్ బొజ్జిని. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టరు. 1806 నాటికి ఒక పరికరం తయారుచేశాడు. లోపల మైనపు వత్తి, దాని పక్కన అద్దం, ముందు సన్నటి గొట్టం. వత్తి వెలుగు అద్దానికి తగిలి గొట్టంలోంచి లోపలికి పోతుంది. దానికి ‘వెలుగును మోసేది’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. వియన్నాలో దాన్ని పరీక్షించారు గానీ అక్కడి పెద్దలు ఒప్పుకోలేదు. బొజ్జిని 1809లో టైఫస్ జ్వరం వచ్చినవాళ్ళకు వైద్యం చేస్తూ అదే జ్వరంతో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 35 ఏళ్ళు. తర్వాత 1853లో పారిస్‌లో దెసోర్మో అనే డాక్టరు వత్తి తీసేసి, సారాయి, టర్పెంటైన్ కలిపి మండించే దీపం పెట్టాడు. ఆ పరికరానికి ఎండోస్కోప్ అని పేరు పెట్టింది ఆయనే. మండే దీపాన్ని రోగి ఒంటి దగ్గర పెట్టుకుని చూడడం ఎంత ఇబ్బందో ఊహించుకోండి.

ఇక కడుపు దాకా పోయినవాడు అడాల్ఫ్ కుస్‌మాల్. ఆయన కథ నాకు అన్నిటికన్నా నచ్చింది. 1868లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆయన దగ్గర సుమారు 47 సెంటీమీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల మందం ఉన్న లోహపు గొట్టం ఉండేది. వంగదు, కదలదు. అలాంటిది ఎవరు మింగుతారు? మామూలు మనిషి వల్ల కాదు. అందుకని ఆయన కత్తులు మింగే ఒక గారడీవాణ్ణి పిలిపించాడు. అతను తల వెనక్కి వాల్చి, నోరు, గొంతు, అన్నవాహిక ఒకే గీతలోకి తెచ్చి గొట్టం మింగాడు. అట్లా గొట్టం కడుపులోకి పోయింది. కానీ వెలుగు చాలక కుస్‌మాల్‌కు సరిగా ఏమీ కనబడలేదు.

కత్తులు మింగే విద్యను యూరప్‌కు బాగా పరిచయం చేసినవాళ్ళలో మన దేశపు గారడీవాళ్ళు ముఖ్యులు. వాళ్ళలో రామో సామీ అనే ఆయన లండన్‌లో చాలా ఏళ్ళు ప్రదర్శనలు ఇచ్చి 1850లో చనిపోయాడు. తెల్లవాళ్ళ నోట్లో పడి అట్లా మారింది గానీ అది రామస్వామి అయి ఉంటుంది. పేరు చూస్తే మన దక్షిణాది మనిషే అనిపిస్తుంది నాకు. జాతరలో మనం చప్పట్లు కొట్టి మరిచిపోయే విద్య, ఒక వైద్య పరీక్షకు దారి చూపించింది.

ఇక్కడ అసలు విషయం చెప్పాలి. కుస్‌మాల్ కాలం నుంచి చాలా ఏళ్ళ దాకా గొట్టం వంగలేదు. గొట్టం కోసం మనిషే వంగవలసి వచ్చింది. పళ్ళు విరిగే ప్రమాదం, అన్నవాహిక చిరిగే ప్రమాదం, మెడ నొప్పి అన్నీ రోగి భరించాలి. మన పెద్దవాళ్ళు భయపడేది ఈ గొట్టాన్నే. వాళ్ళు దాన్ని ఎప్పుడూ చూసి ఉండకపోయినా ఆ కథలు ఒకరి నుంచి ఒకరికి వచ్చేశాయి.

వెలుగు సమస్య తొందరగానే తీరింది. మాక్స్ నిట్జే 1870లలో దీపాన్ని బయట పెట్టడం మానేసి గొట్టం కొసకే అమర్చాడు. కరెంటు బల్బు వచ్చాక అది ఇంకా సులువైంది. 1881లో వియన్నాలో మికులిచ్ ఇట్లాంటి గొట్టంతోనే కడుపు లోపల చూశాడు. వంకర సమస్య మాత్రం అట్లాగే ఉంది.

1932లో రుడాల్ఫ్ షిండ్లర్ అనే జర్మన్ డాక్టరు సగం వంగే గొట్టం తెచ్చాడు. పై సగం గట్టిది, కింది సగం కొంచెం వంగుతుంది, లోపల చాలా కటకాలు. హిట్లర్ ప్రభుత్వం ఆయన్ను నిర్బంధించింది. తర్వాత 1934లో ఆయన అమెరికాలోని చికాగోకు వెళ్ళిపోయాడు. పుస్తకాల్లో ఆయన పేరే పెద్దగా ఉంటుంది. నాకు మాత్రం ఆయన భార్య గాబ్రియేల్ ముఖ్యమనిపించింది. పరీక్ష జరుగుతున్నంతసేపూ రోగి తలను తన చేతుల్లో పట్టుకుని, గొట్టానికి సరిపోయేట్టు ఉంచి, మాట్లాడుతూ ధైర్యం చెప్పేది ఆమె. రోగి కదిలితే లోపల గాయమవుతుంది. కాబట్టి ఆ తల పట్టుకోవడం చిన్న పని కాదు. షిండ్లర్ పేరుతో ఈ రోజుకీ అవార్డు ఇస్తున్నారు. 

1950లో జపాన్‌లో ఒలింపస్ కంపెనీవాళ్ళు, ఉజి అనే డాక్టరు కలిసి చిన్న కెమెరాను మింగించే పద్ధతి కనిపెట్టారు. జపాన్‌లో కడుపు క్యాన్సర్ ఎక్కువ, అందుకే వాళ్ళకు ఆ ఆరాటం. అయితే డాక్టరుకు అప్పటికప్పుడు ఏమీ కనబడదు, ఫిల్ము కడిగిన తర్వాతే చూడాలి.

గొట్టాన్ని నిజంగా వంచింది మాత్రం గాజు. గాజు వంగుతుందా అని మీరు అడగవచ్చు. వెంట్రుక కన్నా సన్నగా లాగితే వంగుతుంది. పదో తరగతిలో మనం సంపూర్ణాంతర పరావర్తనం చదువుకుంటాం కదా, అదే సూత్రం. వెలుగు గాజుపోగులో గోడ నుంచి గోడకు తగులుతూ పోగు ఎటు తిరిగితే అటే పోతుంది. 1854లో లండన్‌లో జాన్ టిండాల్ దీన్ని నీటి ధారతో చూపించాడు. ధార వంగి కింద పడుతుంటే వెలుగు కూడా దాంతోపాటే వంగింది. పొలంలో బోరు నీళ్ళు పైపులోంచి వంపుగా పడుతుంటే చూసేటప్పుడు నాకు ఇప్పుడు ఇదే గుర్తొస్తుంది.

నూరేళ్ళ తర్వాత ఆ సూత్రాన్ని బొమ్మ మోయడానికి వాడినవాళ్ళలో మన దేశస్థుడు ఉన్నాడు. నరీందర్ సింగ్ కపానీ పంజాబ్‌లోని మోగాలో 1926లో పుట్టాడు, ఆగ్రాలో చదువుకుని లండన్ వెళ్ళాడు. అక్కడ తన గురువు హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలిసి వేల గాజుపోగులను కట్టగా కట్టి, ఒక కొస దగ్గరి బొమ్మ రెండో కొసలో కనిపించేట్టు చేశాడు. 1954 జనవరిలో ‘నేచర్’ పత్రికలో అది అచ్చయింది. ఆయన 2020లో చనిపోయాడు. మరుసటి ఏడాది మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఆ వార్త పేపర్లలో ‘ఇంటర్నెట్‌కు దారివేసిన మనిషి’ అని వచ్చింది గానీ కడుపు నొప్పి రోగులకు కూడా ఆయన దారి వేశాడు.

ఆ వ్యాసం చదివి బేసిల్ హిర్షోవిట్జ్ అనే డాక్టరు అమెరికాలోని మిచిగన్‌లో పని మొదలుపెట్టాడు. గాజుపోగులు ఒకదానికొకటి తగిలితే వెలుగు పక్కకు కారిపోతుంది. ఆ చిక్కు విప్పింది లారీ కర్టిస్ అనే కుర్రవాడు. అప్పటికి ఇంకా కాలేజీ డిగ్రీ విద్యార్థే! ఒక రకం గాజుపోగు చుట్టూ ఇంకో రకం గాజు తొడుగు వేస్తే వెలుగు కారదని 1956 చివర చేసి చూపించాడు. 1957 ఫిబ్రవరిలో హిర్షోవిట్జ్ ఆ కొత్త పైపును మొదట తనే మింగాడు. కొన్ని రోజులకు ఒక రోగికి వేశాడు. రోగికి చేసే ముందు తన గొంతులో వేసుకున్న డాక్టరు అంటే నాకు చాలా గౌరవం కలిగింది. అక్కడి నుంచి పైపు మనిషి కోసం వంగడం మొదలుపెట్టింది. 1983లో గాజుపోగుల బదులు కొసలో చిన్న ఎలక్ట్రానిక్ కెమెరా వచ్చింది, బొమ్మ టీవీలో కనబడింది. ఇప్పుడు వాడే పైపు మామూలుగా 9, 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, మన చిటికెన వేలంత అనుకోండి.

ఇదంతా నేను చదవడానికి కారణం మా అవ్వ. అవ్వ నలభై ఏళ్ళు వరి నాట్లకు, కలుపులకు పోయింది. సాయంత్రం ఒళ్ళు నొప్పులని అంగడిలో నొప్పి మాత్ర తెప్పించుకుని వేసుకునేది, చాలాసార్లు ఖాళీ కడుపుతోనే. పోయిన ఏడాది కడుపులో మంట ఎక్కువైంది. మెట్లు ఎక్కితే ఆయాసం. తర్వాత విరేచనం తారులాగా నల్లగా పోవడం మొదలైంది. మా ఊరి నర్సమ్మ వెంటనే బళ్ళారికి తీసుకుపొమ్మని చెప్పింది. అట్లా నల్లగా, జిగటగా పోతే కడుపులో రక్తం కారుతున్నట్టు అనుమానించాలట. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకు కూడా నల్లగా పోవచ్చు గానీ అది మనం ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదు.

అవ్వ ఒప్పుకోలేదు. “నోట్లో పైపు పెడితే ఊపిరి యాడ తీసుకునేది అమ్మీ? పోతే పోతాను గానీ ఆ టెస్టుకు పోను” అనింది. ఇరవై రోజులు ఇట్లాగే గడిచినాయి. పక్కింటి ఆమె ఎవరికో పైపు వేస్తే గొంతు పోయిందని చెప్పింది. చివరికి మా మామ గట్టిగా పట్టుబట్టి సిరిగేరి క్రాస్‌లో బస్సు ఎక్కించినాడు. నేనూ పోయినాను.

అవ్వ అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. జవాబు కూడా సులువే. నోటి వెనక రెండు దారులు ఉంటాయి. ఒకటి అన్నం పోయేది, ఒకటి గాలి పోయేది. పైపు పోయేది అన్నం దారిలో. ముక్కుతో ఊపిరి మామూలుగా ఆడుతుంది. పైపు పళ్ళ మధ్య నలగకుండా నోట్లో ప్లాస్టిక్ కట్టు పెడతారు, దాని మధ్యలోంచి పైపు పోతుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. నోట్లో ఊరే ఎంగిలి మింగకూడదు, బయటికి కారనివ్వాలి. సిగ్గుపడే పని లేదు, అందరికీ కారుతుంది. కడుపు ముడతలు విప్పి చూడడానికి గాలి పంపిస్తారు కాబట్టి ఉబ్బినట్టు ఉండి తేన్పులు వస్తాయి. చూడడం వరకే అయితే పని 5 నుంచి 15 నిమిషాల్లో అయిపోతుంది. ఇదంతా ఎవరైనా ముందు చెప్పి ఉంటే అవ్వ ఆ ఇరవై రోజులు పోగొట్టుకునేది కాదు.

ఖాళీ కడుపుతో రమ్మంటారు. గట్టి ఆహారమైతే సాధారణంగా 6 నుంచి 8 గంటల ముందే ఆపాలి. నీళ్ళు ఎప్పటిదాకా తాగవచ్చో ఆసుపత్రివాళ్ళే చెబుతారు. “ఒక్క ఇడ్లీ తింటే ఏమవుతుంది” అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆ ఇడ్లీ అడ్డం ఉంటే డాక్టరుకు పుండు కనబడదు. అంతకన్నా ముఖ్యం, వాంతి వస్తే అది గాలి గొట్టంలోకి పోయి ఊపిరితిత్తులకు ప్రమాదం. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు, షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ముందుగానే డాక్టరుకు చెప్పి, ఏది ఆపాలో ఏది ఆపకూడదో అడగాలి. తమంతట తాము మానేయకూడదు. గుండె జబ్బు, ఆస్తమా, మందు పడకపోవడం, గర్భం, ఊగే పళ్ళు, కట్టుడు పళ్ళు, అన్నీ చెప్పవలసినవే. అవ్వకు కట్టుడు పళ్ళు ఉన్నాయి, నలుగురిలో తీయనని మొండికేసింది. మామను, నన్ను బయటికి పంపించి తీసింది.

గొంతు మొద్దుబారడానికి మందు చల్లుతారు. కొందరికి మత్తు ఇంజెక్షన్ కూడా ఇస్తారు. మత్తు ఇస్తే తోడు మనిషి తప్పనిసరి. ఆ రోజంతా బండి నడపకూడదు, యంత్రాలు ముట్టుకోకూడదు, కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. మెలకువ వచ్చినట్టు కనిపిస్తారు గానీ తెలివి పూర్తిగా రాదు. గొంతు మొద్దు వదిలేదాకా నీళ్ళు కూడా తాగకూడదు, పొలమారుతుంది.

ఇప్పుడు ఆ సెయింట్ మార్టిన్ సంగతికి వస్తాను. మేము పోయిన ఆసుపత్రిలో పరీక్షకు ముందు ఒక ఫారం ఇచ్చినారు. ఒక పక్క కన్నడం, ఒక పక్క ఇంగ్లీషు. అవ్వ కన్నడం బాగా మాట్లాడుతుంది, చదవడం రాదు. తెలుగూ చదవలేదు. “ఇక్కడ వేలిముద్ర వేయి” అన్నారు, వేసింది. ఏముందని ఎవరూ చెప్పలేదు. నేను కన్నడం రెండో భాషగా చదువుతున్నాను కాబట్టి బెంచీ మీద కూర్చుని చదివినాను. పరీక్షలో ముక్క తీయవచ్చని, చాలా అరుదుగా రక్తం కారడం, రంధ్రం పడడం జరగవచ్చని అందులో ఉంది. అవ్వకు తెలుగులో చెప్పినాను. భయపడుతుందనుకున్నాను. “ఇదే ముందు చెప్పుంటే అయిపోయేది కదా” అనింది.

1953 అక్టోబరు 1న మన జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి పోయినాయి, సిరుగుప్ప, బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వచ్చినాయి. ఇళ్ళలో భాష మాత్రం ఎవరిది వాళ్ళకే ఉండిపోయింది. ఆదోనిలో కన్నడం మాట్లాడే అవ్వకు కూడా ఇదే కష్టం ఉంటుంది. మన బడి మాదిరి బడులు పిల్లలకు ఉన్నాయి, ఆసుపత్రి కాగితాలకు లేవు.

ఈ విషయంలో చట్టం ఏమంటుందో మా సోషల్ సార్‌ను అడిగినాను. సార్ చెప్పిన కేసు 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన సమీరా కోహ్లీ కేసు. అది లాపరోస్కోపీ గురించి, అంటే పొట్ట మీద చిన్న రంధ్రం చేసి గొట్టంతో చూసే పరీక్ష. ఎండోస్కోపీకి అక్కచెల్లెలు అనుకోవచ్చు. పరీక్షకు ఒప్పుకున్న ఆమెకు మత్తులో ఉండగా, తల్లిని అడిగి పెద్ద ఆపరేషన్ చేసేశారు. పరీక్షకు ఇచ్చిన ఒప్పుదల ఆపరేషన్‌కు ఒప్పుదల కాదని, ప్రాణం నిలపడానికి అప్పటికప్పుడు తప్పనిసరి అయితే తప్ప మళ్ళీ రోగినే అడగాలని కోర్టు చెప్పింది. చేసేది ఏమిటి, ఎందుకు, వేరే దారి ఉందా, ప్రమాదం ఎంత, ఇవి రోగికి తెలిపి తీసుకున్నదే ఒప్పుదల. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో, రోగికి తెలిసిన భాషలో వివరం చెప్పాలని ఉంది. ఆడవాళ్ళను మగ డాక్టరు పరీక్షించేటప్పుడు ఇంకో ఆడమనిషి ఉండాలని కూడా ఉంది. ఇవి అడిగితే డాక్టరు కోప్పడతాడని మనవాళ్ళు అడగరు. వేలిముద్ర వేసే ముందు “ఏముందో చదివి చెప్పండి” అనడంలో తప్పు లేదు.

అవ్వ కడుపులో పుండు కనబడింది. డాక్టరు పైపులోంచే సన్నటి తీగలాంటి పట్టకారు పంపి చిన్న ముక్క తీసినాడు. “ముక్క తీసినారంటే క్యాన్సరే” అని బస్సులో ఎవరో అంటే మామ ముఖం మాడిపోయింది. ఇది పెద్ద అపోహ. ముక్క చాలా కారణాలకు తీస్తారు, తీసేటప్పుడు నొప్పి కూడా తెలియదు. అవ్వ విషయంలో ముక్కలో హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి దొరికింది, క్యాన్సర్ లేదు.

ఈ సూక్ష్మజీవి కథ కూడా ఎండోస్కోపీ కథే. కడుపు పుండుకు కారణం దిగులు, కారం, ఆమ్లం అని ప్రపంచమంతా నమ్మేది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు ఎండోస్కోపీలో తీసిన ముక్కల్లో ఈ జీవిని చూశారు. ల్యాబులో పెంచాలని చూస్తే పెరగలేదు. 1982లో ఈస్టర్ సెలవులు వచ్చి గాజు పళ్ళేలు మామూలు కన్నా ఎక్కువ రోజులు అట్లాగే ఉండిపోయినాయి, అప్పుడు పెరిగింది. సెలవులు కూడా సైన్సుకు పనికొస్తాయని నేనంటే మా సైన్సు మేడమ్ నవ్వినారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ తన కడుపులో ఆ జీవి లేదని ఎండోస్కోపీ చేయించుకుని, తర్వాత ఆ జీవులున్న ద్రవం తాగేశాడు. కొన్ని రోజులకు వాంతులు మొదలైనాయి. మళ్ళీ ఎండోస్కోపీ చేస్తే కడుపు వాచి ఉంది, సూక్ష్మజీవి ఉంది. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. అవ్వ పదేళ్ళుగా కారం మానేసి, ఉగ్గాని-బజ్జీ ఇంట్లో చేసినా ముట్టకుండా మజ్జిగన్నం తిన్నది. నేరం మిరపకాయది కాదు. ఆ జీవిది, ఖాళీ కడుపున వేసుకున్న నొప్పి మాత్రలది. 14 రోజులు మందులు ఇచ్చినారు, నొప్పి మాత్రలు ఆపమన్నారు.

మనవాళ్ళ పేరు చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి 1956లో విశాఖపట్నంలో పుట్టినా ఎంబీబీఎస్ చదివింది మన పక్కనున్న కర్నూలు వైద్య కళాశాలలోనే. ఎండోస్కోపీతో చూడడమే కాకుండా చికిత్స చేయడంలో ఆయనకు ప్రపంచంలో పేరుంది, 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఇప్పుడు పైపుతోనే రక్తం కారే చోటు మూస్తారు, పిత్తనాళంలో రాళ్ళు తీస్తారు. ఒకప్పుడు వీటికి పొట్ట కోయవలసి వచ్చేది.

మంచే చెప్పి వదిలేస్తే అది చరిత్ర కాదు. వంగే పైపుకు ఒక లోపం ఉంది. లోహపు గొట్టాన్ని మరిగించి శుభ్రం చేయవచ్చు, దీన్ని మరిగిస్తే పాడైపోతుంది. కాబట్టి ప్రతి రోగి తర్వాత లోపలి సన్నటి దారులను బ్రష్‌తో తోమి, మందు నీళ్ళలో నానబెట్టి, కడిగి ఆరబెట్టాలి. 2015లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో పిత్తనాళానికి వాడే ఒక రకం పైపుల ద్వారా మందులకు లొంగని సూక్ష్మజీవులు రోగులకు అంటుకుని పెద్ద గొడవైంది. అంత పెద్ద ఊళ్ళోనే అట్లా జరిగిందంటే, “పైపు శుభ్రం చేసినారా?” అని మనం అడగడం అనుమానం కాదు, జాగ్రత్త.

పరీక్ష తర్వాత గొంతు ఒకటి రెండు రోజులు గీరుకున్నట్టు ఉంటుంది, తగ్గిపోతుంది. కడుపులోనో ఛాతీలోనో గట్టి నొప్పి, రక్తపు వాంతి, నల్ల విరేచనం, జ్వరం, ఆయాసం, మింగలేకపోవడం వస్తే తెల్లారనివ్వకుండా ఆసుపత్రికి పోవాలి.

పుండు మానిందో లేదో చూడడానికి రెండు నెలలకు అవ్వను మళ్ళీ రమ్మన్నారు. ఈలోగా మాత్ర లోపల కెమెరా పెట్టి మింగించే పద్ధతి 2000 నుంచి ఉందని నేను చదివి చెప్పినాను. “అయితే నాకు ఆ మాత్రే ఇయ్యమను” అని పట్టుబట్టింది. ఆ మాత్ర బొమ్మలు తీస్తుంది గానీ ముక్క తీయలేదు, డాక్టరు చెప్పిన చోట ఆగదు. అది విని కాసేపు ఆలోచించి సరే అనింది. ఈసారి ఉన్నది డాక్టరమ్మ. అవ్వ బల్ల ఎక్కకముందే ఆమెను నాలుగు ప్రశ్నలు అడిగింది, పైపు కడిగినారా అన్నది కూడా. డాక్టరమ్మ సగం తెలుగు, సగం కన్నడంలో అన్నిటికీ జవాబు చెప్పింది. పైపు వేస్తున్నప్పుడు ఒక నర్సు అవ్వ తల పట్టుకుని “మూగినింద ఉసిరాడి అజ్జీ, ముక్కుతో ఊపిరి తీసుకో” అంటూ ఉందని అవ్వే చెప్పింది. పుండు మానింది. గొంతులో చల్లిన మందు చేదు గురించి మాత్రం సిరిగేరి క్రాస్‌లో దిగేదాకా తిడుతూనే ఉంది.